బల్లార్షా ఎండల్లో పాత వాటర్‌కూలింగ్ పీసీ: వేడి ఎక్కడ ఆగిందో పట్టుకోవడం

మహారాష్ట్రలోని రాజురా, బల్లార్షా, చంద్రపూర్ వైపు తెలుగిళ్లలో ఒక రకం డెస్క్‌టాప్ ఇంకా అటక మీద దొరుకుతుంది. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో అన్నో బావో ముచ్చటపడి కొనుక్కున్నది. ఇంటెల్ ఐ7-2600కె గానీ 3770కె గానీ, లేకుంటే ఏఎండీ ఎఫ్‌ఎక్స్-8350 ప్రాసెసర్, డీడీఆర్3 ర్యామ్, నీళ్ల వేడిని గాలికి వదిలే 240 మిల్లీమీటర్ల రేడియేటర్. ఇప్పుడు తమ్ముడో మేనల్లుడో దాన్ని కిందికి దింపుతాడు. ఒకరి బోర్డు, ఇంకొకరి పంపు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లోనో నాగపూర్ సీతాబర్డీలోనో ఏరుకొచ్చిన పాత పవర్ సప్లై కలిపి మళ్లీ నిలబెడతానంటాడు. నిలబెట్టొచ్చు. కాకపోతే వేడెక్కగానే ముందు పంపు, తర్వాత ప్రాసెసర్ మీద రాసే పేస్టు, ఆ తర్వాత ఫ్యాన్లు వరసపెట్టి మార్చుకుంటూ పోతే, పాత సామానుతో మిగిలిన డబ్బంతా అక్కడే పోతుంది.

వేడికి మూడు మజిలీలు. ప్రాసెసర్ నుంచి నీళ్లలోకి, నీళ్లతో రేడియేటర్ దాకా, రేడియేటర్ నుంచి గది గాలిలోకి. ఏ మజిలీలో ఆగిందో తేలాకే స్క్రూడ్రైవర్ పట్టండి.

ఇంకో మాట. మన దగ్గర మే నెలలో బయట 45 దాటడం మామూలే. నీళ్లు ఎంత తిరిగినా గది వేడి కన్నా కిందికి చల్లబడవు. అందుకే సీపీయూ (ప్రాసెసర్) వేడి అంకె ఒక్కటే చూసి భయపడొద్దు, ధైర్యపడొద్దు. గదిలో ఒక థర్మామీటర్ పెట్టి, సీపీయూ అంకెలోంచి గది అంకె తీసేయండి. గది 42, సీపీయూ 84 అయితే తేడా 42. అదే మెషీన్ డిసెంబర్‌లో గది 22 ఉన్నప్పుడు 64 చూపిస్తుంది. రెండూ ఒకటే ఆరోగ్యం. పాత ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్లు ఖాళీగా ఉన్నప్పుడు గది కన్నా తక్కువ చూపిస్తాయి, ఆ అంకెను నమ్మకండి.

లక్షణం: ఆన్ చేసిన నిమిషంలోపే 90 దాటుతోంది

ఇది మొదటి మజిలీ, లేదా రెండోది. రేడియేటర్ జోలికి పోకండి. ఎందుకో లెక్క చూడండి. లూప్‌లో, అంటే నీళ్లు తిరిగే దారిలో, అర లీటరు నీళ్లుంటే, 95 వాట్ల ప్రాసెసర్ ఆ నీళ్లను ఒక్క డిగ్రీ పెంచడానికి 22 సెకన్లు పడుతుంది. పది డిగ్రీలకు మూడున్నర నిమిషాల పైమాటే. ఫ్యాన్లు అసలు తిరగకపోయినా నీళ్లు అంత మెల్లగానే వేడెక్కుతాయి. నిమిషంలో అంకె ఎగిరిందంటే వేడి నీళ్లలోకి దిగలేదు, లేదా ప్రాసెసర్ మీద బిగించే బ్లాకులో ఉన్న గుక్కెడు నీళ్లు అక్కడే నిలబడి ఉడుకుతున్నాయి.

రెండు ట్యూబులూ చేత్తో పట్టుకోండి. నిమిషానికి ఒక లీటరు పారుతుంటే, 95 వాట్లకు బ్లాకులోకి వెళ్లే నీటికీ బయటికొచ్చే నీటికీ తేడా ఒకటిన్నర డిగ్రీ కూడా ఉండదు. వేళ్లకు అది తెలియదు. కాబట్టి ఒక ట్యూబు వెచ్చగా, ఇంకోటి చల్లగా వేళ్లకే తెలుస్తోందంటే ప్రవాహం పడిపోయినట్టే. రెండూ చల్లగానే ఉంటే పంపు శబ్దం వినండి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన పంపు మీద, పిడి చెవికి ఆనించండి. సన్నని గుయ్ శబ్దం వస్తుంటే అనుమానం బ్లాకు బిగింపు మీదికి మళ్లుతుంది.

బిగింపులో తేడాలు ఇలా అక్కడా ఇక్కడా ఏరుకొచ్చిన పార్టుల్లోనే ఎక్కువ. ఇంటెల్ ప్రాసెసర్లు కూర్చునే ఎల్‌జీఏ 1155, 1150, 1151, 1200 సాకెట్లన్నిటికీ బోర్డు మీద రంధ్రాల దూరం 75 మిల్లీమీటర్లే, ఒక బ్రాకెట్ అన్నిటికీ సరిపోతుంది. ఎల్‌జీఏ 1700కు అది 78. ఏఎండీ సాకెట్లలో ఏఎం3+ నుంచి ఏఎం4కు వచ్చేసరికి రంధ్రాల అమరికే మారిపోయింది. ఇంటెల్ ఎల్‌జీఏ 2011కు స్టాండాఫ్‌లు (బ్లాకును పట్టి ఉంచే చిన్న మరమేకులు) నేరుగా సాకెట్ చట్రంలోకే దిగుతాయి, వాటి మర వేరు. డబ్బాలో దొరికిన స్టాండాఫ్ ఒక మిల్లీమీటరు ఎత్తుగా ఉన్నా స్క్రూ గట్టిగా బిగుస్తుంది, చేతికి బాగానే అనిపిస్తుంది, బ్లాకు మాత్రం ప్రాసెసర్‌ను నొక్కదు. తేల్చుకోవడానికి ఒకటే దారి. కొత్త పేస్టు కొద్దిగా పెట్టి బిగించి, మళ్లీ విప్పి అచ్చు చూడండి. పేస్టు పలచగా అంతటా పరుచుకుంటే సరే. మధ్యలో పెట్టిన చుక్క దాదాపు అలాగే ఉంటే స్టాండాఫ్ తప్పు.

పంపు శబ్దమే లేకపోతే ముందు కరెంటు చూడండి. మూడు పిన్నుల పంపుకు నిండు 12 వోల్టులు అందాలి. దాన్ని మామూలు ఫ్యాన్ హెడర్‌కు (బోర్డు మీద ఫ్యాన్ వైరు పెట్టే పిన్నులు) తగిలిస్తే, బోర్డు దాన్ని ఫ్యాన్ అనుకుని శబ్దం తగ్గించడానికి వోల్టేజ్ తగ్గిస్తుంది, పంపు కుంటుతుంది. బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఆ హెడర్‌ను ఫుల్ స్పీడ్‌లో పెట్టండి. కొన్ని పంపులు కరెంటు పవర్ సప్లై సాటా వైరు నుంచో మోలెక్స్ వైరు నుంచో తీసుకుని, బోర్డుకు ఒక్క వేగం చెప్పే వైరు మాత్రం ఇస్తాయి. ఆ వైరు సీపీయూ ఫ్యాన్ హెడర్‌కు పెట్టకపోతే ఆన్ కాగానే ఫ్యాన్ ఎర్రర్ చూపించి ఆగుతుంది. దాన్ని ‘ఇగ్నోర్’ చేసేసి వదిలెయ్యడం నాకు నచ్చదు. రేపు నిజంగా పంపు ఆగినా ఎవరూ చెప్పరు.

కరెంటు అందినా తిరగని డి5 రకం పంపు చాలాసార్లు చావలేదు, పట్టేసింది అంతే. ఏళ్లు ఎండి ఉన్నది కదా. పైమూత విప్పితే రోటర్ ఒక చిన్న సిరామిక్ గుండు మీద కూర్చుని ఉంటుంది, చేత్తో లాగితే వచ్చేస్తుంది. తుడిచి, కడిగి, మళ్లీ కూర్చోబెట్టండి. నీళ్లు లేకుండా మాత్రం తిప్పి చూడొద్దు, దాని బేరింగుకు నీళ్లే నూనె.

పంపు తిరుగుతున్నా పారకపోతే బ్లాకు మూసుకుపోయింది. పాత మెత్తని పీవీసీ ట్యూబుల్లోంచి ప్లాస్టిసైజర్ నీళ్లలోకి దిగి, బ్లాకులోని సన్నటి రాగి రెక్కల మధ్య తెల్లని జిగురై పేరుకుంటుంది. బ్లాకు విప్పి, మెత్తటి టూత్‌బ్రష్‌తో డిస్టిల్డ్ వాటర్ పోస్తూ రుద్దండి. రాగి మీద పచ్చగా పట్టిన చిలుము పలచని వెనిగర్‌కు పోతుంది. నికెల్ పూత ఉన్న బ్లాకుకు వెనిగర్ వద్దు. ఓ-రింగ్ (రబ్బరు వలయం) గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో రెండుసార్లు చూసుకుని మూయండి. ట్యూబులు మళ్లీ అవే వాడితే ఆరు నెలలకు ఇదే పని, ఈపీడీఎం రబ్బరు ట్యూబు వేసుకోండి.

లక్షణం: మొదట బాగుంటుంది, అరగంట, గంట ఆడాక మెల్లగా ఎక్కుతుంది

మూడో మజిలీ. నీళ్లు వేడి తీసుకొస్తున్నాయి, గాలికి ఇవ్వలేకపోతున్నాయి. ట్యూబులు రెండూ సమానంగా వేడిగా ఉంటాయి, రేడియేటర్ లోంచి వచ్చే గాలి మాత్రం నీరసంగా ఉంటుంది.

మన దగ్గర మొదటి దోషి దుమ్ము. ఓపెన్‌కాస్ట్ గనులు, థర్మల్ ప్లాంటు ఉన్నచోట నల్లదుమ్ము కిటికీ గ్రిల్లు మీద ఎంత పడుతుందో రేడియేటర్ రెక్కల మధ్యా అంతే పడుతుంది. ఫ్యాన్ వైపు నుంచి చూస్తే కనపడదు. ఫ్యాన్లు విప్పితే వాటికీ రెక్కలకూ మధ్య దుప్పటిలా అతుక్కుని ఉంటుంది. బ్లోయర్‌తో గాలి వచ్చే దిక్కుకు ఉల్టా నుంచి ఊదండి, ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకునే ఊదండి. రేడియేటర్ రెక్కలు వంగితే గాలి దారి మూసుకుంటుంది కాబట్టి బ్రష్ అడ్డంగా లాగొద్దు.

రెండోది, ఫ్యాన్ల ముఖాలు. వేర్వేరు డబ్బాల్లోంచి తెచ్చిన రెండు ఫ్యాన్లలో ఒకటి లోపలికి, ఒకటి బయటికి పెట్టిన మెషీన్లు బోలెడు. అగరుబత్తీ పొగ పట్టి చూస్తే క్షణంలో తెలుస్తుంది.

మూడోది గది. ఎండాకాలం ఇక్కడ ప్రతి ఇంట్లో పెద్ద గడ్డి ప్యాడ్ల కూలర్ నడుస్తుంది. ఏప్రిల్, మే పొడి గాలికి అది గదిని బాగానే చల్లబరుస్తుంది, దానితోపాటు మీ రేడియేటర్‌నూ. అయితే మెషీన్‌ను దాని ఎదురుగా పెట్టకండి. తుంపరలో వచ్చే బోరు నీళ్ల ఉప్పు బోర్డు మీద తెల్లగా ఆరుతుంది. పక్కకు, రెండు మూడు అడుగుల దూరంలో, వెనక గోడకు ఖాళీ వదిలి పెట్టండి. వానలు పడ్డాక తేమ గాలిలో కూలర్ చేసే మేలు తగ్గుతుంది, జూలైలో సీపీయూ అంకె పెరిగినట్టు కనిపిస్తే ముందు గది అంకె సరిచూడండి. గాలి ఆడని కంప్యూటర్ టేబుల్ అరలో పెట్టిన మెషీన్‌కు ఇందులో ఏదీ పనిచేయదు, బయటికి తీయాల్సిందే.

ఇవన్నీ చేసినా మే మధ్యాహ్నం 2600కె 98 దగ్గరికి పోయి వేగం తగ్గించుకుంటుంటే ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టిన వేగానికి మించి నడపడం) తీసేయండి. వోల్టేజ్ కాస్త తగ్గినా వేడి చాలా తగ్గుతుంది.

లక్షణం: గుటగుట శబ్దం

పంపు, బ్లాకు, రేడియేటర్ ఒకటిగా సీల్ చేసి వచ్చే ఏఐఓ అయితే, ఏళ్ల తరబడి ట్యూబు గోడల గుండా నీరు కొద్దికొద్దిగా ఆవిరై, ఆ జాగాలోకి గాలి చేరింది. గాలి ఎప్పుడూ ఎత్తైన చోటికే పోతుంది. రేడియేటర్ పైభాగం పంపు కన్నా ఎత్తులో ఉండేలా బిగిస్తే గాలి అక్కడ చేరి ఊరుకుంటుంది. రేడియేటర్‌ను కేసు అడుగున పెట్టారా, గాలి పంపులోకే వస్తుంది. తిప్పి పెట్టినా శబ్దం తగ్గకపోతే ఆ ఏఐఓను వదిలేసి మంచి ఎయిర్ కూలర్ కొనుక్కోవడం తెలివి. దాన్ని కోసి మళ్లీ నీళ్లు నింపే వీడియోలు చూసి ఆ పని మొదలుపెట్టకండి.

ఏఐఓ రేడియేటర్ పనికొస్తుందని రాగి బ్లాకు లూప్‌లో కలపడం అంతకన్నా చెడ్డ ఆలోచన. అవి ఎక్కువగా అల్యూమినియంవి. రాగీ అల్యూమినియమూ ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది.

లక్షణం: నీళ్ల మట్టం తగ్గుతోంది, లేదా కింద తడి

బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపును మాత్రమే నడిపి చూడాలి. పవర్ సప్లై 24 పిన్నుల కనెక్టర్‌ను బోర్డు నుంచి తీసి, ప్లగ్ పీకి ఉండగానే ఆకుపచ్చ వైరుకూ నల్ల వైరుకూ ఒక జంపర్ పెట్టండి. వైర్లన్నీ నల్లవైతే 16వ పిన్ను, దాని పక్కనున్న 15 గానీ 17 గానీ. పంపు తప్ప ఇంకేదీ తగిలించి ఉంచకండి. ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పేపర్ పెట్టి ఒక రోజంతా నడపండి. ఏ పేపర్ తడిస్తే అక్కడ పాత ఓ-రింగ్ మార్చండి, ప్లయర్‌తో ఇంకాస్త బిగించడం పరిష్కారం కాదు. మొదటి రోజు మట్టం కొద్దిగా దిగితే భయం లేదు, లోపలి బుడగలు పైకొస్తున్నాయి.

బోరు నీళ్లు, కుళాయి నీళ్లు వద్దు. గిన్నె అడుగున తెల్లగా గట్టిపడేదే బ్లాకులోనూ గట్టిపడుతుంది. బ్యాటరీ దుకాణంలో ‘బ్యాటరీ కా పానీ’ అడిగితే సీల్ చేసిన డబ్బా ఇస్తారు. కడగడానికి అది చాలు, నింపేటప్పుడు తుప్పు, నాచు పట్టనివ్వని కూలెంట్ కలపండి.

లక్షణం: కేసు ముట్టుకుంటే జిల్లుమంటోంది

నీళ్లు కారాయని అందరూ ముందు లూప్ విప్పుతారు. కారణం గోడలో ఉంది. పవర్ సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు కేసులోకి కొద్దిపాటి కరెంటు వదులుతాయి, అది ఎర్తింగ్‌లోకి పోవాలి. సాకెట్‌లో ఎర్త్ లేకపోతే మీ వేలిలోంచి పోతుంది. రెండు పిన్నుల అడాప్టర్ తీసేయండి. మూడు పిన్నులున్నా జిల్లుమంటే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించండి. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోవడం ఇక్కడ మామూలు.

లక్షణం: ఒక్క క్షణం తిరిగి ఆగుతుంది, లేదా తెర నల్లగానే

ప్రాసెసర్ పక్కనున్న 8 పిన్నుల వైరు పెట్టారా? ర్యామ్ స్టిక్ ఒక్కటి మాత్రమే ఉంచి, కాంటాక్టులు రబ్బరుతో తుడిచి చూడండి. వైర్లు విడిగా ఊడదీసే మాడ్యులర్ పవర్ సప్లై అయితే దాని వైర్లే వాడండి. వేరే కంపెనీ వైరు అదే సాకెట్‌లో ఒదిగినా లోపలి వరస వేరుగా ఉండొచ్చు, హార్డ్‌డిస్క్ కాలిపోతుంది.

లక్షణం: నిన్న బాగైంది, కరెంటు పోయి వచ్చాక మళ్లీ 90

గడియారం పాత తేదీ చూపిస్తోందా చూడండి. చూపిస్తే బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయింది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు బయోస్ గుర్తుపెట్టుకుంటుంది, కోత పడగానే అన్నీ మరిచిపోయి మొదటి సెట్టింగులకు పోతుంది. పంపు హెడర్ కూడా ఫుల్ స్పీడ్ నుంచి ఆటోకు జారిపోతుంది. కిరాణా కొట్టులో దొరికే 3 వోల్టుల సెల్ వేసి, పంపు సెట్టింగ్ మళ్లీ పెట్టి సేవ్ చేయండి.