పురుగులు చంపే పెట్టె మీ ఇంట్లోనూ ఉందా?

బెంగళూరు మారతహళ్లిలో మా పిన్ని 6,000 రూపాయలు పోసి ‘జాపర్’ అనే పెట్టె కొంది. రెండు రాగి గొట్టాలు చేతుల్లో పట్టుకుంటే కడుపులో పురుగులు చస్తాయట!

మీ దగ్గరా ఉంటే ముందు స్క్రూలు విప్పండి. నేను విప్పాను: 9 వోల్టుల బ్యాటరీ, కరెంటును ఆన్-ఆఫ్ చేస్తూ ఉండే 555 టైమర్ చిప్, నాలుగైదు రెసిస్టర్లు. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డులో ఇవన్నీ కలిపి 200 దాటవు. 1990ల్లో అమెరికాలో హల్డా క్లార్క్ అనే ప్రత్యామ్నాయ వైద్యురాలు ప్రచారం చేసిన పరికరం ఇది. పురుగులు చస్తాయనడానికి రుజువు లేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లయితే అసలు ముట్టుకోకూడదు.

అనుమానముంటే మల పరీక్ష చేయించండి. శాంపిల్‌లో మూత్రం, నీళ్లు కలవనివ్వకండి. నులిపురుగులు తేలితే డాక్టర్లు మామూలుగా 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్క మాత్ర రాస్తారు. గర్భిణులు మాత్రం సొంతంగా వేసుకోకూడదు.

పిన్ని రిపోర్టులో పురుగులే లేవు. ఆ బ్యాటరీ ఇప్పుడు నా మల్టీమీటర్‌లో ఉంది.