బడ్జెట్ పుస్తకంలో మన కాలువని, మన డ్రెయిన్‌ని వెతుక్కోవడం ఎలా

బడ్జెట్ పెట్టిన రోజు సాయంత్రం మా ఊళ్లో టీ కొట్టు దగ్గర ఒకటే ప్రశ్న, "మన గోదావరి డెల్టాకి ఎంతిచ్చారంట?" టీవీలో చూసిన అంకె ఒకటి ఎవరో చెబుతారు, దాని మీద రెండు పార్టీల వాళ్లూ గంటసేపు కొట్టుకుంటారు. పుస్తకం మాత్రం ఎవరూ తెరవరు. అది ఆంధ్రప్రదేశ్ ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుందండి. సంపుటాలు చూసి కంగారు పడకండి, మనకి కావాల్సింది నాలుగైదు పేజీలు.

ముందు పెద్ద అంకె సంగతి. 2025-26 తీసుకుందాం. 2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారు పెట్టిన బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. అందులో జీతాలు, పెన్షన్లు, వడ్డీలు, పథకాల లాంటి రెవెన్యూ ఖర్చే 2.51 లక్షల కోట్లు. ప్రాజెక్టులు, వంతెనలు, రోడ్లు కట్టే మూలధన వ్యయం 40 వేల కోట్ల పైచిలుకు. రెవెన్యూ లోటు 33 వేల కోట్లు, అంటే రోజువారీ ఖర్చుకి కూడా అప్పు తేవాల్సిందే. రొయ్యల చెరువుకి పెట్టుబడి కోసం అప్పు చేయడం వేరు, కిరాణా కొట్టు బాకీ తీర్చడానికి చేయడం వేరు కదా.

అదే రోజు వ్యవసాయ మంత్రి అచ్చెన్నాయుడు గారు 48 వేల కోట్లతో వ్యవసాయ బడ్జెట్ చదివారు. చాలామంది దీన్ని పైన అదనంగా వచ్చిన డబ్బు అనుకుంటారు. కాదు. ప్రధాన బడ్జెట్‌లోని శాఖల నుంచే ఏరి ఒకచోట కూర్చిన లెక్క అది, ఉచిత కరెంటు ఖర్చు కూడా అందులోనే. రెండూ కలిపి కూడకండి.

ఇక వెతకడం. పేర్లతో వెతికితే విసుగొస్తుంది, ఖాతా నంబర్లతో వెతకండి. నంబరు 0, 1తో మొదలైతే ఆదాయం, 2, 3 అయితే రెవెన్యూ ఖర్చు, 4, 5 అయితే మూలధనం, 6, 7 అయితే అప్పుల లెక్క. పెద్ద సాగునీటి పనులు 2700, 4700లో ఉంటాయి, చేపల శాఖ 2405లో. మురుగు కాలువలు విడిగా, వరద నియంత్రణతో కలిపి 2711, 4711లో ఉంటాయి. మొదటిసారి నేను 4700 ఒక్కటే చూసి "మన డ్రెయిన్లకి పైసా లేదు" అని అందరికీ చెప్పేశాను, తర్వాత నాలిక్కరుచుకున్నాను.

ఇంకో మాట. రెవెన్యూ ఖర్చంతా దండగ అనేవాళ్లని మన దగ్గర నమ్మకండి. కాటన్ ఆనకట్ట పూర్తయింది 1852లో. ఇంత పాత వ్యవస్థకి కొత్త కట్టడాల కన్నా తూడు, గుర్రపుడెక్క తీయడం, పూడిక తీయడం, లాకులు బాగుచేయడం ముఖ్యం, ఆ డబ్బు చాలావరకు 2700లోనే కూర్చుంటుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో మురుగు పోకపోవడం కూడా ఉంది.

ఖాతా దొరికాక పక్కనున్న వరసలు చూడండి, అసలు పని ఇక్కడే. రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయింది, నిరుడు చెప్పింది, నిరుడు సవరించింది, ఈ ఏడాది చెబుతున్నది వరసగా ఉంటాయి. టీవీలో వచ్చేది చివరిది. నేను మొదటిదే చూస్తాను. అక్కడ చిన్న అంకె, ఇక్కడ పెద్ద అంకె ఉంటే సంబరపడకుండా, ఈసారి అంత ఖర్చు పెట్టే ఏర్పాటు ఏముందో అడగాలి.

పన్నుల పేజీ చదవడానికి యానాం గుర్తుపెట్టుకుంటే చాలు. ఎదుర్లంక వంతెన దాటి బంకులో పెట్రోలు ఎందుకు కొట్టిస్తాం? పెట్రోలు, డీజిలు, మద్యం జీఎస్టీలో లేవు, వాటి మీద అమ్మకం పన్ను (వ్యాట్) రాష్ట్రమే వేసుకుంటుంది, యానాం పుదుచ్చేరిది. జీఎస్టీ రేటు రాష్ట్రం ఒక్కటే మార్చలేదు. కాబట్టి ఖజానాకి డబ్బు తక్కువైనప్పుడు చెయ్యి పడేది వీటి మీద, రిజిస్ట్రేషన్ల మీద (0030), మద్యం ఎక్సైజ్ మీద (0039), బండ్ల పన్ను మీద (0041).

పుస్తకంలో అంకె ఉన్నంత మాత్రాన ఊళ్లోకి మిషను రాదు. మనకి కాలువలకి నీళ్లు కట్టేసేది వేసవిలో, పని జరిగేది ఆ కొద్ది వారాల్లోనే. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై, టెండరు పిలిచేసరికి నీళ్లు వదిలేస్తే ఆ పని మళ్లీ వచ్చే వేసవికే. మా ఊరి డ్రెయిన్ రెండేళ్లు అలాగే పోయింది. అందుకే జనవరిలోనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: ఫలానా పనికి పరిపాలనా ఆమోదం వచ్చిందా, టెండరు ఎప్పుడు, పాత బిల్లులు ఎంత బాకీ. ఊరి స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి గడువు 30 రోజులు, అంటే కాలువలు కట్టేసేలోపు కాగితం మీ చేతిలో ఉంటుంది.