మొదటి ఇరవై మ్యాచ్‌ల్లో ఎన్‌బీఏ జట్టును అంచనా కట్టడం ఎలా: బరంపురం, పర్లాకిమిడి వైపు అభిమానులకు

అక్టోబరు మూడో, నాలుగో వారంలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ సీజన్ మొదలవుతుంది. పది పదిహేను రోజులు తిరక్కుండానే ఘుగుని బండి దగ్గరా, టీ బడ్డీ దగ్గరా తీర్పులు వచ్చేస్తాయి. ఎనిమిది గెలిచి ఒకటి ఓడిన జట్టు కనిపిస్తే చాలు, “ఈసారి కప్పు వీళ్లదే మావా” అనేస్తారు. 2024-25లో ఫీనిక్స్ సన్స్ సరిగ్గా అలాగే 8-1తో మొదలుపెట్టింది. సీజన్ ముగిసేసరికి 36-46, ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్పు కోసం జరిగే నాకౌట్ సిరీస్‌లు) కూడా దక్కలేదు. అదే ఏడాది 10-15తో చతికిలబడిన ఇండియానా పేసర్స్ ఫైనల్స్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది. అంతకు ముందు ఏడాది డెట్రాయిట్ పిస్టన్స్ మొదటి మూడింట్లో రెండు గెలిచి, ఆ వెంటనే వరసగా 28 ఓడింది.

82 మ్యాచ్‌ల సీజన్‌లో మొదటి పది అంటే ఎనిమిదో వంతు కూడా కాదు. రూపాయి నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు బొమ్మ పడే అవకాశం 17 శాతం. అంటే లీగ్‌లోని 30 జట్లూ అచ్చం సమానమైనవే అనుకున్నా, పది మ్యాచ్‌లు అయ్యేసరికి వాటిలో అయిదు జట్లు 7-3 లేదా అంతకన్నా మెరుగ్గా, ఇంకో అయిదు 3-7 లేదా అంతకన్నా అధ్వానంగా కనిపిస్తాయి. అందుకే గెలుపోటముల పట్టిక పక్కన పెట్టి వేరేవి చూడాలి. ఆ వేరేవి ఏంటో, ఎలా రాసుకోవాలో ఇక్కడ చెబుతున్నాం.

ఏ మ్యాచ్, ఎప్పుడు

30 జట్లనూ వెంటాడితే ఏదీ అర్థం కాదు. మూడు పెట్టుకోండి: మీ జట్టు, దాని డివిజన్‌లోనే (ఒకే ప్రాంతపు అయిదు జట్ల గుంపు) ఇంకొకటి, ఆటతీరులో పూర్తిగా వేరైనది ఒకటి.

అక్టోబరులో అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడింటి మ్యాచ్ మనకు తెల్లవారుజామున 4:30కి పడుతుంది. పడమటి తీరం మ్యాచ్‌లు ఉదయం 7:30, 8 గంటలకు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం వెనక్కి తిప్పుతారు, అప్పటినుంచి అన్నీ గంట ఆలస్యం: 4:30 కాస్తా 5:30 అవుతుంది. చాలామంది ఇది మర్చిపోయి ఆ వారంలో గంట ముందే లేచి కూర్చుంటారు. కార్తీకమాసం స్నానాలకు ఎలాగూ ఇంట్లో చీకటితోనే లైటు వెలిగే రోజులివి. ఇల్లంతా లేచే ఉంటుంది, ఫోను చేతిలో ఉంటే చాలు. కాలేజీ ఉన్న రోజు మొదటి సగం చూసి, మిగతాది సాయంత్రం స్కోరు పట్టికలో చూసుకోవచ్చు. అక్కడి శనివారం రాత్రి మ్యాచ్‌లు మనకు ఆదివారం పొద్దున వస్తాయి కాబట్టి వారానికి ఒక మ్యాచ్ పూర్తిగా చూడాలంటే అదే సరైన రోజు.

గంజాం తీరానికి అక్టోబరు తుపానుల నెల కూడా. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. కరెంటు పోయిన రోజు వీడియో కోసం తంటాలు పడొద్దు. స్కోరు పట్టిక ఒక్కటి తెరుచుకుంటే కింద చెప్పే పని మొత్తం అయిపోతుంది.

స్కోరు పట్టిక చదవడం

పొడవాటి నోటుపుస్తకంలో మ్యాచ్‌కి ఒక వరస. తేదీ, ప్రత్యర్థి, సొంతూరా బయటా, నిన్న రాత్రి కూడా ఆడారా, ఎవరు ఆడలేదు. తర్వాత రెండు జట్లకూ నాలుగు లెక్కలు: షాట్ల నాణ్యత, టర్నోవర్లు (షాటు వేయకుండానే బంతి పోగొట్టుకోవడం), ఆఫెన్సివ్ రీబౌండ్లు (తమ షాటు తప్పితే బంతి మళ్లీ తామే అందుకోవడం), ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి శిక్షగా దొరికే ఒక్కో పాయింటు షాట్లు). ఈ నాలుగింటిని వేరుచేసి చూపించినవాడు బాస్కెట్‌బాల్ గణాంకాల నిపుణుడు డీన్ ఆలివర్. బరువులు కూడా ఆయన ఇచ్చాడు: షాట్లకు 40, టర్నోవర్లకు 25, రీబౌండ్లకు 20, ఫ్రీ త్రోలకు 15. మొదట్లో ఈ బరువులు గుర్తుంచుకుంటే చాలు, గుణించక్కర్లేదు.

ఒక మ్యాచ్ ఊహించుకుందాం. మన జట్టు 113, అవతలి జట్టు 117. పట్టికలో మన జట్టు 88 షాట్లు వేస్తే 42 పడ్డాయి, అందులో 14 త్రీలు (దూరపు గీత వెనకనుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు). ఫ్రీ త్రోలు 20కి 15, ఆఫెన్సివ్ రీబౌండ్లు 10, టర్నోవర్లు 13.

ముందు బంతి ఎన్ని విడతలు చేతికొచ్చిందో తేల్చాలి. వేసిన షాట్లకు, ఫ్రీ త్రోలను 0.44తో గుణించి కలపండి, ఆఫెన్సివ్ రీబౌండ్లు తీసేయండి, టర్నోవర్లు కలపండి. 88 + 8.8 − 10 + 13 = 99.8. దాదాపు 100 విడతలు. 0.44 ఎందుకంటే ప్రతి ఫ్రీ త్రోతోనూ విడత ముగియదు: రెండేసి, మూడేసి వేస్తారు, బుట్ట పడ్డాక అదనంగా ఒకటి వేస్తారు, టెక్నికల్ ఫౌల్‌కి (ప్రవర్తన లాంటి తప్పులకు పడే శిక్ష) వేసేది ఉంటుంది. ఈ లెక్క చేయకపోతే వేగంగా ఆడే జట్టు 120 కొట్టినప్పుడల్లా గొప్ప అటాక్ అనిపిస్తుంది, 120 ఇచ్చినప్పుడల్లా డిఫెన్స్ చచ్చిపోయిందనిపిస్తుంది. రెండూ తప్పే కావచ్చు. వంద విడతలకి ఎన్ని పాయింట్లు అని చూడాలి.

ఇక షాట్ల నాణ్యత. పడిన షాట్లకు త్రీలలో సగం కలిపి, మొత్తం షాట్లతో భాగించాలి. (42 + 7) ÷ 88 = 55.7 శాతం. త్రీకి ఒక పాయింట్ ఎక్కువ కాబట్టి ఆ సగం. అవతలివాళ్లు 85 షాట్లకు 41, అందులో 17 త్రీలు: (41 + 8.5) ÷ 85 = 58.2 శాతం. ఇక్కడితో ఆపేస్తే “మన డిఫెన్స్ బాగోలేదు” అని రాసేస్తాం. ఇంకొక్క గడి చూడాలి: ఆ 17 త్రీలు ఎన్ని ప్రయత్నాలకు పడ్డాయి? 37కి. అంటే 46 శాతం. లీగ్ సగటు 36 శాతం దగ్గర ఉంటుంది. ఆ లెక్కన 37కి పడాల్సినవి 13. నాలుగు త్రీలు, 12 పాయింట్లు అదృష్టం ఖాతాలోవి. తప్పిన షాట్లలో కొన్ని మళ్లీ వాళ్లకే చిక్కేవి కాబట్టి మొత్తం 12 తీసేయలేం గానీ, నాలుగు పాయింట్ల ఓటమి అసలు ఎలాంటిదో తెలిసిపోయింది. నోటుపుస్తకంలో ఈ ఓటమి పక్కన ఒక చుక్క పెట్టండి.

పది మ్యాచ్‌లు గడిచినా ఈ అదృష్టం పూర్తిగా చెరిగిపోదు. మ్యాచ్‌కి 35 చొప్పున 350 త్రీలు ఎదుర్కొన్న జట్టుకు, ప్రత్యర్థుల శాతం అటూ ఇటూ రెండున్నర శాతం ఊగడం మామూలే. మ్యాచ్‌కి అది రెండున్నర పాయింట్లకు పైనే, అంటే మధ్యస్థ జట్టును మంచి జట్టుగా చూపించేంత. డిఫెన్స్ చేతిలో ఎక్కువగా ఉండేది ప్రత్యర్థి ఎన్ని త్రీలు వేయగలిగాడన్నది. ఎన్ని పడ్డాయన్నది చాలావరకు దాని చేతిలో లేదు.

దీనికి బోస్టన్ సెల్టిక్స్‌ని మించిన ఉదాహరణ లేదు. 2024 అక్టోబరు 22, సీజన్ మొదటి రాత్రి, న్యూయార్క్ నిక్స్ మీద 61 త్రీలు వేసి 29 కొట్టి లీగ్ రికార్డును సమం చేసింది. మర్నాడు అందరూ మాట్లాడుకున్నది ఆ 29 గురించి. నిలబడింది మాత్రం 61. ఆ సీజన్ మొత్తం బోస్టన్ మ్యాచ్‌కి 48 త్రీలు వేస్తూనే ఉంది, లీగ్ చరిత్రలో అదే అత్యధికం. 2025 మేలో ప్లేఆఫ్స్ రెండో రౌండ్ తొలి మ్యాచ్, మళ్లీ అదే నిక్స్. ఈసారి 60 వేస్తే పడినవి 15. ఓవర్‌టైమ్‌లో మ్యాచ్ పోయింది, ఆ తర్వాత సిరీస్ కూడా 4-2తో పోయింది. త్రీల లెక్క చదివేటప్పుడు ముందు ప్రయత్నాల గడి మీద వేలు పెట్టండి.

కంటితో చూడాల్సింది

బంతి వెంట కళ్లు పరుగెత్తడం అలవాటు. దాన్ని మానుకోవడానికి ఒక సాధన: మొదటి క్వార్టర్ అంతా డిఫెన్స్‌లో బుట్ట దగ్గర కాపలా ఉండే పొడగరి ఆటగాడు, అంటే సెంటర్, పాదాలనే చూడండి. ప్రత్యర్థి గార్డు (బంతి నడిపేవాడు) స్క్రీన్ (కాపలాదారుకి అడ్డంగా నిలబడిన సహచరుడు) చుట్టూ తిరిగి వస్తున్న క్షణంలో ఆ పాదాలు ఎక్కడున్నాయి? ఫ్రీ త్రో గీతకు కిందే ఆగితే దాన్ని డ్రాప్ అంటారు. మిన్నెసోటా జట్టులో సెంటర్ రూడీ గోబేర్ ఎక్కువగా చేసేది ఇదే. స్క్రీన్ ఎత్తుకి వచ్చి బంతి ఉన్నవాణ్ణి ఆపి వెనక్కి పరుగెత్తితే వేరే పద్ధతి. డెన్వర్ జట్టు తన సెంటర్ నికోలా యోకిచ్‌తో ఇలా చాలా ఆడించింది. మనుషుల్ని మార్చేసుకుంటే స్విచ్. పది విడతల్లో ఏది ఎన్నిసార్లో గీతలు గీసుకోండి.

ఇదెందుకంటే, సీజన్ మొదట్లో డిఫెన్స్ దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. పోయిన ఏడాది డ్రాప్ ఆడిన జట్టు ఈ ఏడాది కొత్త కోచ్ కింద పైకి వస్తే, వెనకున్న ముగ్గురూ ఒకేసారి జరగాలి. బంతికి దూరంగా ఉన్న పక్షాన మూలలో ఉన్నవాడు ఒక్క అడుగు ఆలస్యమైతే బుట్ట కిందకు పాస్ వెళ్లిపోతుంది. అలాంటి తప్పులు నవంబరులో మ్యాచ్‌కి మ్యాచ్‌కి తగ్గుతుంటే ఓటముల్ని భరించవచ్చు. పదిహేనో మ్యాచ్‌లోనూ అదే మూలలో అదే అడుగు ఆలస్యమవుతుంటే అది అలవాటు చాలక కాదు, ఆటగాళ్ల వేగమే సరిపోవడం లేదు. ఈ తేడా పట్టగలిగితే మీ అభిప్రాయానికి చాలా బలం వస్తుంది.

నిమిషాలు కూడా చూడాలి. జట్టుకి మ్యాచ్‌లో 240 ఆటగాడి-నిమిషాలు ఉంటాయి. కోచ్ మాటల కన్నా వాటిని ఎవరికి పంచాడన్నదే నిజం చెబుతుంది. తేడా ఇరవై దాటి బెంచ్ మొత్తం దిగిన చివరి నిమిషాల్ని మాత్రం వదిలేయండి. ఎన్‌బీఏ కప్ (సీజన్ మధ్యలో జరిగే చిన్న టోర్నీ) గ్రూప్ మ్యాచ్‌లు వీటిలో ప్రత్యేకం. 2023 నుంచి ఎక్కువగా నవంబరులో ఇవి జరుగుతున్నాయి, సమానమైన జట్లను పాయింట్ల తేడాతోనూ విడదీస్తారు కాబట్టి గెలిచేసిన మ్యాచ్‌లో కూడా చివరిదాకా కొడుతూనే ఉంటారు. ఆ 25 పాయింట్ల గెలుపుని మామూలు రాత్రి గెలుపుతో పోల్చొద్దు.

ఆటగాళ్ల గురించి

యాభై త్రీలు వేసిన ఆటగాడి శాతం మీద వాదించడం వృథా. అసలు 36 శాతం వాడు యాభై ప్రయత్నాల్లో 29 నుంచి 43 మధ్య ఎక్కడైనా తేలవచ్చు. నాలుగు వందలు దాటాక ఆ ఊపు 34-38కి తగ్గుతుంది. ఎక్కడినుంచి వేస్తున్నాడు, ఎన్ని వేస్తున్నాడు అన్నది మాత్రం పది మ్యాచ్‌ల్లోనే తెలిసిపోతుంది, ఎందుకంటే అది కోచ్ నిర్ణయం. సెంటర్ బ్రూక్ లోపెజ్ మొదటి ఎనిమిది సీజన్లూ కలిపి కొట్టినవి మూడంటే మూడు త్రీలు. 2016-17లో కెనీ అట్కిన్సన్ బ్రూక్లిన్ కోచ్‌గా వచ్చిన ఏడాది 387 వేసి 134 కొట్టాడు. ఆ మార్పుని మొదటి రెండు వారాల పట్టికే చూపించేది, శాతం గడి మూసేసి చూసినా సరే. అదే అట్కిన్సన్ 2024-25లో క్లీవ్‌లాండ్‌కి వచ్చాక జట్టు 15-0తో మొదలై 64 గెలిచింది. ప్లేఆఫ్స్‌లో మాత్రం రెండో రౌండ్‌లో పేసర్స్ చేతిలో 4-1తో ఆగిపోయింది.

కొత్త కుర్రాళ్ల విషయంలో పాయింట్లు చూడొద్దు. ఫౌల్స్ ఎక్కువై బయటికి వెళ్లే భయం లేని రాత్రి నాలుగో క్వార్టర్‌లో ఎన్ని నిమిషాలు ఉంచారో చూడండి.

ఓడుతున్న మీ జట్టు మీద కోపం వచ్చినప్పుడు ముందు “ఎవరు ఆడలేదు” గడి చదవండి. 2024-25లో పేసర్స్‌కి రెండో వరస సెంటర్లు జేమ్స్ వైజ్‌మన్, ఐజయా జాక్సన్ ఇద్దరికీ సీజన్ మొదటి రెండు వారాల్లోపే మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు తెగింది. మరో ఇద్దరు ఆటగాళ్లు నెంబార్డ్, నెస్మిత్ చాలా మ్యాచ్‌లకు దూరమయ్యారు. ఆ 10-15లో సగం కథ అదే. సన్స్ 8-1లో గెలుపులు చాలావరకు చివరి నిమిషాల దాకా లాగినవి, ఆ వెంటనే కెవిన్ డురాంట్ పిక్క గాయంతో కూర్చున్నాడు. దగ్గరి మ్యాచ్‌ల గెలుపులు ఒక జట్టు దగ్గర ఎక్కువకాలం నిలవవు. నోటుపుస్తకంలో ఆరు పాయింట్ల లోపు గెలుపుల్ని వేరే రంగుతో రాయండి.

అభిప్రాయం రాసి పెట్టుకోవడం

పది మ్యాచ్‌ల దగ్గర ఆటతీరు గురించి మాత్రమే రాయండి: ఎన్ని త్రీలు, ఏ డిఫెన్స్, ఎవరికి ఎన్ని నిమిషాలు. ఇరవై దగ్గర వంద విడతలకి ఎన్ని పాయింట్లు వేస్తున్నారు, ఎన్ని ఇస్తున్నారు అని కలపండి. మధ్యలో మార్చొద్దు. తర్వాతి గురుతు డిసెంబరు 15. వేసవిలో సంతకం చేసిన ఆటగాళ్లలో ఎక్కువమందిని ఆ రోజు నుంచే ట్రేడ్ చేయవచ్చు (వేరే జట్టుతో మార్చుకోవచ్చు). అప్పటిదాకా “వీణ్ణి అమ్మేయాలి” అన్న వాదనకి చాలాసార్లు దారే ఉండదు.

రాసేది ఒక్క వాక్యమైనా నాలుగూ ఉండాలి: ఏం చూశారు, ఎన్ని మ్యాచ్‌ల్లో, కారణం ఏంటి, ఏది కనిపిస్తే మార్చుకుంటారు. ఇలా:

“18 మ్యాచ్‌ల్లో మనవాళ్లు వందకి 4 పాయింట్లు తక్కువలో ఉన్నారు. అందులో సుమారు 2 ప్రత్యర్థుల త్రీలు 38 శాతం పడటం వల్ల. మిగతా 2 టర్నోవర్ల వల్ల, రెండో గార్డు లేడు కాబట్టి. అతను తిరిగొచ్చాక పది మ్యాచ్‌ల్లోనూ టర్నోవర్లు 15 దిగకపోతే జట్టు కట్టడంలోనే లోపం అంటాను.”

కింద తేదీ వేసి, డిసెంబరు 15 పొద్దున మళ్లీ తెరవండి.