పిలిస్తే వచ్చేలా కుక్కకు బహుమతితో నేర్పడం

పిలవగానే కుక్క పరుగెత్తుకుని రావాలంటే, వస్తే తనకు లాభమేనన్న సంగతి దానికి ముందు అనుభవంలోకి రావాలి. మొదటి పాఠాలు ఇంట్లోనే, నాలుగడుగుల దూరం నుంచి మొదలుపెట్టండి. "రా" అని ఒక్కసారే పిలిచి, అది మీ దగ్గరకు చేరిన క్షణంలోనే "శభాష్" అంటూ శనగగింజంత తినుబండారం అందించండి. ముక్క పెద్దదైతే నమలడంలోనే దాని ధ్యాస మళ్లిపోతుంది. అసలు చిక్కంతా ఆలస్యంతోనే వస్తుంది. మీరు జేబు తడుముకునే లోపు అది మొరిగితే, బహుమతి మొరిగినందుకే దక్కిందనుకుంటుంది.

ఇంట్లో కుదిరాక పొడవాటి తాడు కట్టి మైదానానికి తీసుకెళ్లండి. పిల్లులూ వీధికుక్కలూ తిరిగేచోట రోజూ తినే తిండి దాన్ని కదిలించదు కాబట్టి, ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన, ఎముకలు తీసేసిన కోడిమాంసాన్ని అక్కడికే దాచుకోవడం మంచిది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి మాత్రం కుక్కలకు విషం. బహుమతిగా ఇచ్చే తాయిలాలు రోజువారీ కేలరీల్లో 10 శాతం దాటకుండా చూసుకుని, ఆ మేరకు భోజనం తగ్గించండి.

అలవాటు స్థిరపడ్డాక తిండిని ప్రతిసారీ కాకుండా, ఎప్పుడు దొరుకుతుందో తెలియనట్లు అప్పుడప్పుడు ఇవ్వండి. మెచ్చుకోలు మాత్రం మానవద్దు. బంతి అంటే ప్రాణమిచ్చే కుక్కకు ఒక్కసారి బంతి విసరడమే మాంసం కన్నా గొప్ప బహుమతి కావచ్చు. తిట్టడానికో స్నానానికో మాత్రం "రా" అన్న మాటతో పిలవకండి (నేను చాలాకాలం చేసిన తప్పు ఇదే). అలాంటప్పుడు మీరే దాని దగ్గరకు వెళ్లి తీసుకురండి.