పంపు పునాది – 3వ పాఠం: బోల్టు సాగాలి

పంపు కింద వేసే కాంక్రీటు దిమ్మె బరువు, కొలతలు కట్టమని పోయినసారి ఇచ్చిన లెక్కకు మీ జవాబులు చూశాను. దిమ్మె బరువును చాలామంది ఒక్క పంపు బరువుకే మూడింతలు కట్టారు. కొంత తప్పు నాది. సైటులో మేం మొత్తం సెట్టునే పంపు అంటాం, అలాగే రాసేశాను. మోటారు, బేస్‌ప్లేట్ కూడా కలపాలి. కాబట్టి ఇవాళ్టి బోల్టుల పాఠం కాసేపు ఆగాలి.

పంపు 620, మోటారు 580, బేస్‌ప్లేట్ 300, మొత్తం 1500 కిలోలు. సెంట్రిఫ్యూగల్ (చక్రం తిరిగి నీళ్లు తోసే రకం) కాబట్టి దిమ్మె మూడింతలు, 4500. ఘనమీటరు కాంక్రీటు 2400 కిలోలు అనుకుంటే 1.875 ఘనమీటర్లు కావాలి. బేస్‌ప్లేట్ 1.8 × 0.8 మీటర్లు. చుట్టూ 150 మి.మీ. వదిలితే దిమ్మె 2.1 × 1.1, లోతు 0.81. సరే 0.85 వేద్దాం అని సరిగ్గా చేసినవాళ్లు కూడా ఇక్కడే ఆగిపోయారు.

బరువు ఒక షరతు, రెండోది ఇది: షాఫ్ట్ మధ్య నుంచి నిలువుగీతకు రెండు పక్కలా 30 డిగ్రీల వాలుతో గీతలు లాగండి. అవి దిమ్మె అడుగులోంచి దిగాలి, పక్కల్లోంచి బయటపడకూడదు. షాఫ్ట్ దిమ్మె పైన 0.6 మీటర్ల ఎత్తులో ఉంది. 0.85 కలిపితే 1.45. దాన్ని 0.577తో గుణించి రెట్టింపు చేస్తే 1.67 మీటర్ల వెడల్పు కావాలి. మనకున్నది 1.1. లోతు పెంచేకొద్దీ ఇది ఇంకా చెడుతుంది. వెడల్పు 1.5 చేసి లోతు 0.6కు దించండి. బరువు 4536 కిలోలు, కావాల్సిన వెడల్పు 1.39. సరిపోయింది.

ఆదోని వైపు నల్లరేగడిలో ఈ లెక్క ఒక్కటే చాలదు, అది తర్వాత చూద్దాం. సెంట్రింగ్, స్టీలు కట్టడం మీకు తెలిసినవే.

ఇక బోల్టు. బేస్‌ప్లేట్‌ను దిమ్మెకు పట్టి ఉంచే ఎం20 (20 మి.మీ. వ్యాసం) బోల్టుకు పైభాగంలో చుట్టూ ఖాళీ ఉండేలా 50 మి.మీ. పైపు స్లీవు (తొడుగు), 200 మి.మీ. పొడవున పెట్టండి. చాలామంది దాన్ని బోల్టు అటూ ఇటూ జరుపుకోవడానికే అనుకుంటారు. కడప దగ్గర ఓ పంప్‌హౌస్‌లో నేను టీకి వెళ్లొచ్చేలోగా మేస్త్రి నాలుగు స్లీవుల్లోనూ గ్రౌట్ (బేస్‌ప్లేట్ కింద సందు నింపే పలచని మిశ్రమం) పోసేశాడు. "బొక్క ఎందుకు సార్, గట్టిగా ఉంటుంది కదా" అన్నాడు. మూడు నెలలకు నట్లు చేత్తో తిరిగాయి.

ఎందుకో చూడండి. బిగించినప్పుడు బోల్టులో చదరపు మి.మీ.కు 200 న్యూటన్ల ఒత్తిడి ఉందనుకుందాం. 200 మి.మీ. స్లీవులో బోల్టు 0.2 మి.మీ. సాగుతుంది. స్లీవు పూడితే సాగడానికి మిగిలేది బేస్‌ప్లేట్ మందం, ఓ 20 మి.మీ.; సాగేది 0.02 మి.మీ. వాషరు కింద పెయింటు అణిగినా అంత జారుతుంది. అంటే బిగువు మొత్తం పోయినట్టే. పొడుగు స్లీవు ఉంటే అదే జారుడుకు పదో వంతే పోతుంది. అందుకే గ్రౌట్‌కు ముందు స్లీవులో థర్మోకోల్ ముక్కలు దట్టించి, మూతి టేపుతో మూయండి. ఆ పని నేను నా చేత్తోనే చేస్తాను, ఎవరికీ అప్పగించను.

బోల్టు అడుగున జె వంపు నాకు నచ్చదు. ప్లేటు, నట్టు పెట్టండి. కాంక్రీటు పోసేటప్పుడు బోల్టుల్ని వాటి చోట పట్టి ఉంచే టెంప్లేట్‌కు బొక్కలు డ్రాయింగ్ చూసి కాదు, వచ్చిన బేస్‌ప్లేట్‌ను ప్లైవుడ్ మీద పెట్టి గుర్తు పెట్టుకోండి.

మీ లెక్క: ప్లంజరు పంపు సెట్టు 900 కిలోలు, బేస్‌ప్లేట్ 1.4 × 0.6, షాఫ్ట్ ఎత్తు 0.5. ఇది రెసిప్రొకేటింగ్ (ముందుకూ వెనక్కూ ఆడే రకం), అయిదింతలు కట్టండి. పొడవు 1.7 దాటకూడదు. బరువు, 30 డిగ్రీల గీతలు, ఈ రెండు షరతులూ తీరే అతి తక్కువ వెడల్పు ఎంతో, 0.9తో మొదలుపెట్టి 50 మి.మీ. చొప్పున పెంచుతూ ప్రతి మెట్టూ రాసి పంపండి.