స్టీరింగ్ డ్యాంపర్, మూడో పాఠం: క్లిక్కులకు ముందు స్ట్రోక్

రెండో పాఠంలో క్లాంపులు బిగించి, హ్యాండిల్ వణుకుని అణిచే ఈ డ్యాంపర్‌ని బండి మీద కూర్చోబెట్టాం. ఈసారి క్లిక్కుల దగ్గరికి, అంటే డ్యాంపర్ ఎంత గట్టిగా ఉండాలో మార్చే నాబ్ మెట్ల దగ్గరికి, వెళ్లాల్సింది. కానీ చాలామంది నుంచి ఒకే ప్రశ్న వచ్చింది: హ్యాండిల్ ఒక పక్కకి పూర్తిగా తిరుగుతోంది, రెండో పక్కకి ముందే ఆగిపోతోంది, ఇలాగే నడపొచ్చా? నడపకూడదు. అది సరిచేసే వరకు డ్యాంపర్ విప్పి పక్కన పెట్టండి. కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం దానికే.

హ్యాండిల్ ఎక్కడ ఆగాలో ఫ్రేమ్ మీద ఉన్న లాక్ స్టాపర్ చెప్పాలి. డ్యాంపర్ రాడ్డు చెప్పకూడదు. స్ట్రోక్, అంటే రాడ్డు కదలగలిగే మొత్తం దూరం, అయిపోయి హ్యాండిల్ ఆగితే, నిలబెట్టిన బండి పక్కకి ఒరిగినా చాలు, ఆ బరువంతా రాడ్డు మీదే పడుతుంది. రాడ్డు వంగుతుంది, సీల్ దగ్గర ఆయిల్ కారడం మొదలవుతుంది, క్లాంప్ జారి ఫోర్క్ ట్యూబ్‌ని గీకుతుంది. ఇవన్నీ డబ్బుతో పోయేవి. అసలు ప్రమాదం యూ టర్న్‌లో ఉంది. హ్యాండిల్ ఇంకొంచెం తిరుగుతుందన్న నమ్మకంతో బండిని వంచుతారు, అది తిరగదు, బండి లోపలి పక్కకి పడిపోతుంది.

ఎందుకిలా అవుతుందో లెక్క చూద్దాం. స్టీరింగ్ స్టెమ్ (హ్యాండిల్, ఫోర్క్ కలిసి తిరిగే ఇరుసు) నడిమధ్య నుంచి ఫోర్క్ వైపు డ్యాంపర్ బోల్టు దాకా అడ్డంగా కొలవండి. అది 60 మి.మీ. ఉండి, హ్యాండిల్ చెరో పక్కకి 35 డిగ్రీలు తిరిగితే, రాడ్డు కదలాల్సిన దూరం 2 × 60 × 0.574, అంటే సుమారు 69 మి.మీ. 75 మి.మీ. స్ట్రోక్ డ్యాంపర్‌కి చెరో పక్క 3 మి.మీ. మిగులుతుంది. అదే బోల్టు 70 మి.మీ. దూరంలో ఉంటే 80 మి.మీ. కావాలి. అదే డ్యాంపర్ చాలదు. 50 మి.మీ. దూరంలో 57 సరిపోతుంది. అయితే దూరం తగ్గించుకుంటూ పోవడం కూడా పరిష్కారం కాదు. డ్యాంపర్ పట్టు ఆ దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 70 నుంచి 50కి జరిపితే అదే క్లిక్కు దగ్గర పట్టు దాదాపు సగమైపోతుంది. నా లెక్కలో చెరో పక్క 3 మి.మీ. కనీసం, 5 ఉంటే నిశ్చింత.

స్ట్రోక్ చాలినా ఒక పక్కే ఆగుతోందంటే కారణం కోణం. హ్యాండిల్ నిటారుగా ఉన్నప్పుడు, స్టెమ్ నుంచి బోల్టుకు గీసిన గీతకు రాడ్డు 90 డిగ్రీల్లో ఉండాలి. పక్కకి ఉంటే ఒక వైపు తిప్పినప్పుడు ఎక్కువ స్ట్రోక్, రెండో వైపు తక్కువ ఖర్చవుతుంది. అప్పుడు రాడ్డుని సగానికి లాగి బిగించినా ప్రయోజనం లేదు. ముందు కోణం సరిచేయండి, ఆ తర్వాతే సగం.

పరీక్ష ఇలా చేయండి. రెండు లాకుల దగ్గరా, అంటే హ్యాండిల్ చెరో పక్కకి పూర్తిగా తిరిగే కొసల దగ్గర, స్టాపర్ తగిలిన చప్పుడు వినాలి. ఒక లాక్ దగ్గర రాడ్డు బయట ఎంత ఉందో వెర్నియర్‌తో కొలవండి, రెండో లాక్ దగ్గర మళ్లీ. పూర్తిగా లోపలికి నెట్టినప్పటి కొలతా, పూర్తిగా లాగినప్పటి కొలతా ముందే రాసుకుని ఉంటే మిగులు తేలిపోతుంది. ఇంజిన్ ఆపే ఇది చేయాలి. క్లచ్, యాక్సిలరేటర్ వైర్లు డ్యాంపర్‌కి తగలకుండా చూసుకోండి. రెండు చివర్ల బాల్ జాయింట్లు ఏ లాక్‌లోనూ బిగుసుకోకూడదు.

కేటీఎం 390 డ్యూక్‌కి క్లాంప్ కొనేవాళ్లకి ఒక మాట: స్పెసిఫికేషన్‌లో కనిపించే 43 మి.మీ. కింద మెరిసే లోపలి ట్యూబ్‌ది. క్లాంప్ పట్టేది పైన ఉన్న బయటి ట్యూబ్‌ని, అది అంతకంటే లావు. పట్టే చోటే కొలవండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650కి ఈ గొడవ లేదు, 41 మి.మీ. ట్యూబే పైదాకా వస్తుంది.

ఇంకో సంగతి. వేగం గంటకు 70 నుంచి 50 కి.మీ.కి దిగేటప్పుడు హ్యాండిల్ వణుకుతోందని డ్యాంపర్ వేసుకున్నవాళ్లు, డ్యాంపర్ బోల్టు ఒకటి విప్పి, ముందు చక్రం గాల్లోకి లేపి కోన్ సెట్ (స్టెమ్ తిరిగే బేరింగులు) చూడండి. ఫోర్క్ కాళ్లు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే లూజు తెలుస్తుంది. హ్యాండిల్ మధ్యలో గంటు తగిలినట్టు ఆగితే కోన్ సెట్ మార్చాల్సిందే. టైరు గాలి, టైరు అరుగుదల, వీల్ బేరింగ్ కూడా చూడండి. డ్యాంపర్ ఈ జబ్బుల్ని దాచిపెడుతుంది, నయం చేయదు.

ఇక క్లిక్కులు. చాలా మోడళ్లలో సవ్యదిశలో తిప్పితే గట్టిపడుతుంది. ఆగేదాకా వేళ్లతో మెల్లగా తిప్పండి, బలం పెడితే లోపలి నీడిల్ సీటు దెబ్బతింటుంది. లెక్క అక్కడి నుంచి వెనక్కి వేయడం నాకిష్టం, ఎందుకంటే మూసిన చోటు కచ్చితంగా తెలుస్తుంది. సెట్టింగు మాత్రం పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టి, ఒక్కోసారి రెండు క్లిక్కులే గట్టి చేయండి. ఖాళీ మైదానంలో నడక వేగంతో ఎనిమిది అంకె తిప్పండి. హ్యాండిల్ మీ చేతిని ఆలస్యంగా అనుసరిస్తోందంటే రెండు క్లిక్కులు వెనక్కి. మరీ గట్టిగా పెడితే నెమ్మదిగా వెళ్లేటప్పుడు బ్యాలెన్స్ దొరకదు, వేగంలో బండి మొత్తం పక్కలకి ఊగడం మొదలవుతుంది. చేతులు వదిలి పరీక్షించకండి, ఏ వేగంలోనూ. ఉదయం చలిలో పెట్టిన సెట్టింగు మధ్యాహ్నానికి ఆయిల్ పల్చబడి వదులవుతుంది, కాబట్టి బండి వేడెక్కాకే ఖరారు చేయండి.

అభ్యాసం: అట్టముక్క మీద స్టెమ్, బోల్టు, డ్యాంపర్ రెండో చివర ఫ్రేమ్‌కి బిగిసే బిందువు మీ బండి కొలతలతోనే గీయండి. బోల్టుని 50, 60, 70 మి.మీ. దూరాల్లో పెట్టి, కోణం 90, 75 డిగ్రీలుగా మార్చి, ఒక్కో దానికీ రెండు లాకుల దగ్గర రాడ్డు పొడవు స్కేలుతో కొలవండి. మొత్తం పన్నెండు కొలతలు. అవి చేతిలో ఉన్నాకే నాలుగో పాఠంలో బ్రాకెట్ తయారీకి కూర్చోండి.