పిడుగు నుంచి ఇంటిని ఎలా కాపాడుకోవాలి?

పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అన్నారు. పిడుగు విషయంలో మన ఇళ్లలో జరుగుతున్నది సరిగ్గా అదే. "ఎర్తింగ్ ఉందిగా, ఎంసీబీ పెట్టించాంగా, టీవీకి స్టెబిలైజర్ ఉందిగా" అని ధీమాగా ఉంటాం. ఇవి రోజువారీ కరెంటు తేడాల కోసం పెట్టుకున్నవి, పిడుగును ఆపలేవు. పైగా పిడుగు ఇంటికి రెండు దారుల్లో వస్తుంది. ఒక్కోసారి నేరుగా ఇంటి మీదే పడుతుంది. ఎక్కువసార్లు మాత్రం వీధి చివరో, పొలంలోనో పడి కరెంటు తీగ, కేబుల్ తీగ పట్టుకుని లోపలికి వస్తుంది. ఏ దారికి ఆ కాపలా పెట్టాలి.

ఏప్రిల్, మేలో సాయంత్రపు గాలివానలు మొదలవకముందే ఈ పనులు చేయించుకోండి.

1. మేడెక్కి చూడండి

ఇంటి మీద అన్నిటికంటే ఎత్తున ఏముంది? మెట్ల గదా, నీళ్ల ట్యాంకా, పై అంతస్తు కోసం వదిలేసిన పిల్లర్ చువ్వలా? పిడుగు ముందు చూసేది వాటినే. గోడ పక్కన తాడిచెట్టో కొబ్బరిచెట్టో ఉంటే అదే కాపాడుతుందని నమ్మకండి. చెట్టు మీద పడిన పిడుగు అక్కణ్నుంచి ఇంటి మీదికి దూకగలదు. చుట్టూ అపార్టుమెంట్లున్న చిన్న ఇంటికి భయం తక్కువ. పొలాల మధ్య, గుట్ట మీద ఒంటరిగా ఉన్న ఇంటికి మాత్రం కింద చెప్పినవన్నీ కావాలి.

2. పైన కడ్డీ, పట్టీ

పిడుగు కడ్డీ పిడుగును ఆపదు. పడేదాన్ని తన మీద వేసుకుని నేలకు దారి చూపిస్తుంది, అంతే. అది ఎంత మేర కాపాడుతుందో భద్రంగా లెక్కవేయాలంటే, కడ్డీ కొన నుంచి చుట్టూ 45 డిగ్రీల వాలుగా కిందికి గీత గీసినట్టు ఊహించుకోండి, ఆ గీత లోపలున్నదే భద్రం. మేడ మీద 3 మీటర్ల కడ్డీ నిలబెడితే, ఆ మేడ మట్టంలో చుట్టూ 3 మీటర్లే దాని నీడ. కాబట్టి మెట్ల గది మీద ఒక్క కడ్డీ పెట్టి ఊరుకోకుండా, పిట్టగోడ చుట్టూ లోహపు పట్టీ వేయించి కడ్డీని దానికి కలపండి. ట్యాంకు ఇనుప స్టాండు, రెయిలింగు కూడా ఆ పట్టీకే కలవాలి. ఒక్క కడ్డీతో వంద మీటర్ల దాకా రక్షణ అని అమ్మేవాళ్లున్నారు. పిడుగు రక్షణకు మన దేశం పాటించే ఐఎస్/ఐఈసీ 62305 ప్రమాణం అలాంటి లెక్కను ఒప్పుకోదు.

3. కిందికి దారి

ఎదురెదురు మూలల్లో కనీసం రెండు పట్టీలు దింపండి. 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పట్టీ గానీ రాగి పట్టీ గానీ సరిపోతుంది. వీలైనంత తిన్నగా దిగాలి. సన్‌షేడ్ దగ్గర వెనక్కి మడిచి తిప్పితే, పిడుగు ఆ మలుపు తిరగకుండా గోడలోకి దూకుతుంది. గేటు, అరుగు, పిల్లలు ఆడుకునే చోటు పక్కనుంచి దింపవద్దు.

4. నేలలో ఎర్త్

అసలు ప్రాణం ఇక్కడుంది, చాలామంది డబ్బు మిగుల్చుకోవాలని చూసేదీ ఇక్కడే. ఒక్కో పట్టీ కింద సుమారు 3 మీటర్ల ఎర్త్ కడ్డీ దిగాలి. అన్నీ కలిపి కొలిస్తే ఎర్త్ నిరోధం (కరెంటు నేలలోకి దిగడానికి ఉండే అడ్డు) 10 ఓమ్‌లు దాటకూడదు. నల్లరేగడిలో ఇది తేలిక. రాతి నేలలో కడ్డీ దిగదు. అక్కడ అర మీటరు లోతున ఇంటి చుట్టూ పట్టీ పాతించడం మేలు. కొలత నడి వేసవిలో, ఎర్త్ గొయ్యిలో నీళ్లు పోయకముందు తీయించండి. తడినేలలో వచ్చిన అంకె మోసం చేస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. పిడుగు ఎర్త్‌ను ఇంటి కరెంటు ఎర్త్‌తో కలపకూడదని చాలామంది అనుకుంటారు. కలపాలి. పిడుగులో 30 వేల ఆంపియర్లు రావడం మామూలే. అది 10 ఓమ్‌ల ఎర్త్‌లోకి దిగిన ఆ క్షణంలో అక్కడ వోల్టేజీ 3 లక్షలకు లేస్తుంది. రెండు ఎర్త్‌లు విడివిడిగా ఉంటే ఆ 3 లక్షల తేడా మీ గోడల మధ్య, ఫ్రిజ్జుకూ కుళాయికీ మధ్య నిలబడుతుంది. కలిపి ఉంటే అన్నీ ఒకేసారి లేచి ఒకేసారి దిగుతాయి.

5. మెయిన్ బోర్డులో ఎస్పీడీ

తీగల వెంట వచ్చే పిడుగుకు మందు సర్జ్ ప్రొటెక్షన్ డివైస్, ఎలక్ట్రీషియన్లు ఎస్పీడీ అంటారు. మేడ మీద కడ్డీ ఉన్న ఇంటికి టైప్ 1 (నేరుగా పడిన పిడుగు కరెంటును తట్టుకునే రకం) రక్షణ కూడా ఉన్నది కావాలి. కడ్డీ లేని ఇంట్లో టైప్ 2 (తీగల వెంట వచ్చే పోటును తట్టుకునే రకం) పెట్టినా ఎంతో నయం. దానికి కలిపే తీగలు మొత్తం అర మీటరు దాటకుండా చూడండి. పొడవు పెరిగేకొద్దీ అది చేసే మేలు తగ్గిపోతుంది. చాలా రకాలకు చిన్న కిటికీ ఉంటుంది, అది ఎర్రబడితే లోపలి భాగం మార్చాలి. ఇంటర్నెట్, కేబుల్ తీగలకు రక్షణ వేరే పెట్టాలి.

6. మబ్బు కమ్మినప్పుడు

పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఫోన్లో ఉంచుకోండి. చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. ఉరిమినప్పుడు మన పెద్దవాళ్లు అర్జునా, ఫల్గుణా అని తలుచుకుంటారు. తలుచుకుంటూనే మెరుపు నుంచి ఉరుము దాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు కిలోమీటరు. ముప్పై లోపే ఉరిమిందంటే పిడుగు 10 కిలోమీటర్లలో ఉంది, మీ ఇల్లు దాని అందుబాటులోనే ఉంది.

ప్లగ్గులు అంతకుముందే పీకేయాలి. ఉరుములు నెత్తిమీదికి వచ్చాక ప్లగ్గు ముట్టుకోవద్దు. స్విచ్ కట్టేస్తే చాలదు, మబ్బు నుంచి దిగివచ్చినదానికి స్విచ్చులోని ఆ కాస్త సందు అడ్డు కాదు. అప్పుడు స్నానం, గిన్నెలు తోమడం ఆపండి. ఛార్జింగులో ఉన్న ఫోన్ పట్టుకోవద్దు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి, మళ్లీ ప్లగ్గులు పెట్టండి.